రెండో గీత

నేను పిల్లలకు నచ్చే మనిషిని కాను.
నా నీలం చేతితొడుగులు చూడగానే
గుమ్మం అవతలే మొదలవుతుంది ఏడుపు.
పలాస ఆసుపత్రిలో పదకొండో నంబరు గది.
తలుపు మీద ‘రక్తపరీక్షలు’ అని ఉంటుంది గానీ
డిసెంబరు పడితే నాకు రక్తంతో పని తక్కువ,
అన్నీ ముక్కులే.

ఈ రోజు పదిహేడో ముక్కు
బమ్మిడి మోక్షిత్‌ది. పద్నాలుగు నెలలు.
డొక్కలెగరేస్తున్నాడు.
ఛాతీలో ఎక్కడో పిల్లికూనని దాచుకున్నట్టు
ఊపిరి వదిలినప్పుడల్లా సన్నటి కూత.
వాళ్లమ్మ దమయంతి
జీడిపిక్కల బట్టీ నుంచి నేరుగా వచ్చేసింది,
కొంగు నిండా మాడిన వాసన.
‘తల గట్టిగా పట్టుకోమ్మా’ అన్నాను.
పట్టుకుంది.

పుల్ల ఎంత లోపలికి వెళ్లాలో మాకు నేర్పారు:
ముక్కు నుంచి చెవికి ఉన్న దూరంలో సగం.
ఆ సగం ఎంత దూరమో వాడికే తెలుసు.
వాడి పిడికిలికి నా మెడలోని కార్డు దొరికింది.
పదకొండేళ్ల కిందటి ఫొటో,
ఆ గదిలో నవ్వుతున్నది అదొక్కటే.

కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నాను.
నల్లటి మచ్చ పడింది,
అందులో ఒక్క గీతా లేదు.
‘రేషను మిషనుకీ ఇదే గొడవ బాబూ,
జీడి తినీసింది’ అంది
ఎవరి చేతి గురించో చెప్తున్నట్టు.

నాలుగు చుక్కలు. పదిహేను నిమిషాలు.
గుమ్మంలో వాళ్ల అత్త గున్నమ్మ సణుగుతోంది:
‘ముక్కులో పుల్లెట్టి సూస్తే దగ్గు కనిపిస్తాదేటి?
సూదేసీండి, బేగి ఎలిపోతాం.’
బయట గుణుపూర్ పాసింజరు వెళ్తున్న చప్పుడు.
బల్ల మీద కిట్టు కొద్దిగా అదిరింది.

మొదటి గీత జబ్బుది కాదు.
‘నేను పనిచేస్తున్నాను’ అని
కిట్టు తన గురించి తను చెప్పుకునే మాట.
అది నాలుగో నిమిషానికే వచ్చేసింది.
రెండోదాని కోసమే ఈ కూర్చోవడం.

‘గీత వొస్తే మంచిదా బాబూ,
రాకపోతే మంచిదా?’

పదకొండేళ్లలో ఎవరూ అడగలేదు.
వస్తే జబ్బుకి ఒక పేరుంటుంది.
రాకపోతే
దగ్గు దగ్గులాగే ఉంటుంది, పేరు లేకుండా.
ఇదంతా చెప్పకుండా గడియారం వైపు చూశాను.

‘ఈడు కడుపున పడ్డప్పుడూ ఇలాగే సూసినాను.
దొడ్లో, సెల్లు ఎలుతుర్లో, ఒక్కదాన్నే.
రెండోది వొచ్చినాక
కూకుండిపోయి ఏడిసీనాను, సంతోషానికి.’

పదమూడో నిమిషం. ఆర్‌ఎస్‌వి గడిలో
గీత కాదు, గీత ఉందేమో అన్న అనుమానం.
ట్యూబులైటు కింద వాల్చి చూశాను, ఎత్తి చూశాను.
మందులిచ్చే ఢిల్లేశ్వర్రావుని పిలిచాను.
కళ్లద్దాలు తుడుచుకుని ‘ఉంది’ అన్నాడు,
కాసేపాగి ‘ఉన్నట్టుంది’ అన్నాడు.
‘ఉన్నట్టుంది’ అని రాయడానికి మాకు గడి లేదు.
పదిహేనో నిమిషం దాకా ఆగి
పాజిటివ్ అని రాశాను.

డాక్టరమ్మ ఆ చీటీ చూసి
రాయబోయిన ఇంజక్షన్ రాయలేదు.
ఈ పురుగుకి ఆ మందు పనిచెయ్యదు,
ఆక్సిజన్ పెట్టి కనిపెట్టుకుని ఉండడమే.
‘సూది లేని ఆస్పత్రి, ఇదేటి ఆస్పత్రి!’
గున్నమ్మ వరండాలో అందరికీ చెప్పుకుంది.

కాగితంలో వయసుకి గడి ఉంది,
జ్వరం ఎన్నాళ్లకి ఉంది, టీకాలకి ఉంది.
పొగకి లేదు.
అంచు మీద పెన్సిల్‌తో ‘జీడి బట్టీ’ అని రాశాను.
కంప్యూటర్ అంచుల్ని ఎక్కించుకోదు.
తెలిసే రాశాను.

మూడోరోజు పొద్దున్న
వార్డు మీదుగా ఐసు పెట్టెతో వెళ్తున్నాను.
దమయంతి గోడకి ఆనుకుని నిద్రపోతోంది,
ఒళ్లో వాడు మేలుకునే ఉన్నాడు.
ముక్కుకి గొట్టం లేదు.
నన్ను చూశాడు. చేతితొడుగులు చూశాడు.
కప్పు ఎగిరిపోయేలా అందుకున్నాడు.

అంత ఏడుపుకి
సరిపడా ఊపిరి ఉంది.

వెళ్లిపోతే ఊరుకుంటాడని తెలుసు.
ఐసు కరుగుతోందనీ తెలుసు.
గుమ్మంలోనే
ఇంకాస్త సేపు నిలబడ్డాను.